1 మి.లీ. నెత్తురు, 48 గంటల ఓపిక

పసిపిల్లల వైద్యంలో 72 గంటల దగ్గర ఒక గీత గీస్తారు. పుట్టిన మూడు రోజుల లోపు నెత్తురులో ఇన్ఫెక్షన్ బయటపడితే అది తల్లి నుంచి వచ్చినట్టు, ఆ తరవాత బయటపడితే ఆసుపత్రిలో అంటుకున్నట్టు లెక్క. అమెరికాలో, యూరప్‌లో ఈ లెక్క చాలావరకు నిలుస్తుంది. అక్కడ తొలి మూడు రోజుల్లో ఎక్కువగా దొరికేవి గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్, ఈ.కోలై. రెండూ తల్లి శరీరంలో కాపురముండేవే.

మన దేశంలో ఆ గీత ఎప్పుడో చెరిగిపోయింది. ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రుల్లో పుట్టి, అక్కడే ఇంటెన్సివ్ కేర్‌లో చేరిన 13,530 మంది పసికందుల మీద జరిగిన అధ్యయనం 2016లో అచ్చయింది. అందులో సెప్సిస్ (నెత్తురులో చేరిన ఇన్ఫెక్షన్ ఒంటినంతా దెబ్బతీయడం) కేసులు మూడింట రెండు వంతులు 72 గంటల లోపే వచ్చాయి. దొరికిన సూక్ష్మజీవుల్లో ముందు వరసలో ఉన్నవి అసినెటోబాక్టర్ (22 శాతం), క్లెబ్సియెల్లా (17 శాతం). అసినెటోబాక్టర్ సొంతిల్లు జనన మార్గం కాదు. మంచం కమ్మీ మీద, సక్షన్ గొట్టంలో, మనుషుల చేతుల మీద బతికే జీవి అది. అంటే ప్రసవ గదిలో నోరు శుభ్రం చేసేటప్పుడో, ఒళ్లు వెచ్చబరిచే వార్మర్ మీద పడుకోబెట్టినప్పుడో, నరంలోకి తొలి కాన్యులా గొట్టం గుచ్చినప్పుడో ఆసుపత్రి జీవి బిడ్డలోకి దిగుతోంది. పైగా ఆ అసినెటోబాక్టర్లలో 82 శాతం, క్లెబ్సియెల్లాల్లో 54 శాతం అనేక రకాల మందులకు ఒకేసారి లొంగనివి. కల్చర్‌లో (నెత్తురును సీసాలో ఉంచి క్రిమి పెరుగుతుందో చూసే పరీక్షలో) క్రిమి దొరికిన పిల్లల్లో దాదాపు సగం మంది బతకలేదు.

ఇక్కడ మాట్లాడుకునే విశాఖపట్నానికి ఢిల్లీ అంకెలను అచ్చంగా అంటించలేం. ఒకే ఊళ్లో, ఒకే వీధిలో ఉన్న రెండు ఎన్ఐసీయూల్లో (పసికందుల ఇంటెన్సివ్ కేర్ వార్డుల్లో) కూడా వేర్వేరు జీవులు రాజ్యమేలుతుంటాయి. కానీ ఆ అధ్యయనం చూపిన దారి ఇక్కడికీ వర్తిస్తుంది. మందులకు లొంగని క్రిమి అనగానే చర్చ కొత్త మందు మీదికి పోతుంది. అసలు చిల్లులు రెండు వేరే చోట్ల ఉన్నాయి. ఒకటి, క్రిమి ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు నడిచి వెళ్లే దారి. రెండోది, ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేల్చుకోకుండా రోజుల తరబడి మందు నడపడం. ఈ రెండూ పూడకపోతే ఎంత ఖరీదైన మందు వచ్చినా దాని ఆయుష్షు కొన్నేళ్లే.

తడిలో ఒకటి, పొడిలో ఒకటి

క్లెబ్సియెల్లాకు తడి ఇష్టం. సింకు కింద వంపు గొట్టంలో నిలిచే నీళ్లు, ఆక్సిజన్ హ్యూమిడిఫయర్ సీసా, ఇంక్యుబేటర్ నీటి తొట్టి, సక్షన్ జాడీ దాని నివాసాలు. అసినెటోబాక్టర్ ఎండిన చోట కూడా వారాల తరబడి బతుకుతుంది. కీబోర్డు, పల్స్ ఆక్సీమీటర్ వైరు, ఎక్స్‌రే క్యాసెట్ దానికి చాలు. ఏడాదిలో చాలా నెలలు గాలిలో చెమ్మ ఆరని సముద్రపు ఊళ్లో ఇంకో తంటా ఉంది. ఏసీ నీళ్లు గోడ వెంబడి కారి, వార్మర్ వెనక బూజు పట్టడం అరుదేమీ కాదు. గది ఉష్ణోగ్రత 26 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి ఏసీని ఆపుతూ వేస్తూ ఉంటారు. ఆపిన ప్రతిసారీ చల్లటి గొట్టాల మీద నీరు పడుతుంది. దీనికి ఇంజనీరింగ్ విభాగం కావాలి. యాంటీబయాటిక్ పనికిరాదు.

మందు ఎందుకు పనిచేయదన్నది క్రిమి వారీగా చూడాలి. క్లెబ్సియెల్లా పుట్టుకతోనే ఆంపిసిలిన్‌కు లొంగదు. ఆ మందును విరగ్గొట్టే ఎంజైము దాని సొంత క్రోమోజోములోనే ఉంది. కాబట్టి ఆంపిసిలిన్, జెంటామైసిన్ జంట మొదలుపెట్టిన బిడ్డకు క్లెబ్సియెల్లా ఉంటే, నిజానికి పనిచేసే అవకాశం ఉన్నది జెంటామైసిన్ ఒక్కటే. దానికీ లొంగకపోతే బిడ్డకు మందు ఎక్కుతున్నట్టు కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. దీని మీద ఈఎస్‌బీఎల్ అనే ఎంజైములు చేరితే సెఫోటాక్సిమ్ కూడా పోతుంది. ఆ పైన ఎన్‌డీఎం (న్యూఢిల్లీ మెటాలో బీటా లాక్టమేస్) వంటి ఎంజైములు వస్తే మెరోపెనెమ్ పోతుంది. 2008లో స్వీడన్‌లో చికిత్స పొందిన భారతీయ మూలాల రోగిలో దొరికిన ఆ ఎంజైముకు న్యూఢిల్లీ పేరు పెట్టారని మనవాళ్లు నొచ్చుకున్నారు. పేరు సంగతి ఎలా ఉన్నా, దాని జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట మీద ప్రయాణిస్తుంది. ఒక జాతి క్రిమి నుంచి ఇంకో జాతికి చేతులు మారుతుంది. అదే చుట్ట మీద అమికాసిన్‌ను ఆపే జన్యువు కూడా తరచు ఉంటుంది. అందుకే ఒక మందు అతిగా వాడితే, అసలు వాడని మందు కూడా చెడుతుంది.

సీసాలో పడే నెత్తురు

ఈ వ్యవహారం మొత్తం బ్లడ్ కల్చర్ సీసా దగ్గర తేలుతుంది. పసికందుకు కనీసం 1 మి.లీ. తీయాలి. వార్డుల్లో జరిగేది వేరు. సూది కొనకు చిక్కిన అర మి.లీ. సీసాలోకి పోతుంది, ఒక్కోసారి అదీ ఉండదు. చిన్న బిడ్డ నుంచి అంత నెత్తురు తీయడానికి చేయి రాకపోవడం సహజమే. కానీ లెక్క వేసి చూడాలి. నెలలు నిండని బిడ్డ శరీరంలో కిలోకు సుమారు 90 మి.లీ. నెత్తురు ఉంటుంది. 1.2 కిలోల బిడ్డలో 108 మి.లీ. అన్నమాట. అందులో 1 మి.లీ. అంటే నూటికి ఒకటి కూడా కాదు. వారంలో పదిసార్లు తీసే బిలిరుబిన్, సోడియం, గ్లూకోజ్ పరీక్షలకు పోయేది దీనికంటే ఎక్కువే.

ఇక తక్కువ తీస్తే ఏమవుతుంది? బిడ్డ నెత్తురులో మి.లీ.కు సగటున నాలుగు క్రిములు తిరుగుతున్నాయనుకుందాం. తీసిన 1 మి.లీ.లో ఒక్కటీ చిక్కకుండా పోయే అవకాశం నూటికి 2. అర మి.లీ. తీస్తే 14. 0.3 మి.లీ. తీస్తే 30. క్రిమి ఒక్కటైనా సీసాలో పడకపోతే క్రిమి పెరుగుదలను కనిపెట్టే ఎంత గొప్ప యంత్రమైనా ‘నో గ్రోత్’ అనే అంటుంది. ఆ కాగితం చూసి వైద్యులు నమ్మరు. నమ్మరు కాబట్టి మందు ఆపరు. ‘మా దగ్గర కల్చర్‌లు పాజిటివ్ రావు’ అనే యూనిట్లు ముందు ల్యాబ్‌ను కాదు, సీసాను తూకం వేయాలి. నెత్తురు పోయక ముందు, పోశాక తూచి తేడా చూస్తే ఎన్ని మి.లీ. పడిందో తెలిసిపోతుంది. 1 మి.లీ. నెత్తురు బరువు సుమారు 1.05 గ్రాములు. ఒక చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు చాలు.

తీసే పద్ధతిలోనూ తొందర పనికిరాదు. కొత్తగా గుచ్చిన నరం నుంచే తీయాలి. అప్పటికే రెండు రోజులుగా ఉన్న కాన్యులా నుంచి తీస్తే ఆ కాన్యులా కొనమీద పెరిగినవన్నీ వస్తాయి. బొడ్డు కాథెటర్‌ను క్రిమిరహితంగా అప్పుడే పెట్టినట్టయితే, పెట్టిన వెంటనే దానిలోంచి తీయొచ్చు. చర్మాన్ని ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌తో 30 సెకన్లు రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. క్రిములు చచ్చేది ఆ ఆరే సమయంలోనే. తడి మీదే గుచ్చితే రుద్దిన శ్రమ వృథా. వెయ్యి గ్రాముల లోపు బిడ్డ చర్మం ఆల్కహాల్‌కు కాలుతుంది కాబట్టి మందు కిందికి కారి వీపు కింద నిలవకుండా చూసి, ఆరాక స్టెరైల్ నీటితో తుడవాలి. తుడిచాక నరం ఎక్కడుందోనని మళ్లీ వేలితో తడమడం అందరికీ ఉన్న అలవాటు, అందరూ మానాల్సిన అలవాటు. సీసా ప్లాస్టిక్ మూత తీయగానే కనిపించే రబ్బరు బిరడా స్టెరైల్ కాదు. దాన్నీ స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి.

సీసాను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చలికి కొన్ని క్రిములు చచ్చిపోతాయి. రాత్రి తీసిన సీసా నర్సింగ్ స్టేషన్ బల్ల మీద తెల్లారే వరకు కూర్చోకూడదు. రెండు గంటల్లో యంత్రంలోకి వెళ్లాలి. రాత్రి ల్యాబ్ మూసి ఉండే ఆసుపత్రిలో సీసా పెట్టే తాళంచెవి ఎవరి దగ్గరుంటుందన్నది కూడా యాంటీబయాటిక్ విధానంలో భాగమే.

సీసాలో కోయాగ్యులేస్ నెగెటివ్ స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా వచ్చినప్పుడు తికమక మొదలవుతుంది. అది అందరి చర్మం మీద ఉండేదే. సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద నరం దాకా పెట్టిన గొట్టం) ఉన్న, జబ్బుగా కనిపిస్తున్న బిడ్డలో రెండు వేర్వేరు నమూనాల్లో వస్తే నిజమైన జబ్బుగా చూడాలి. లైన్ ఏమీ లేకుండా చురుగ్గా పాలు తాగుతున్న బిడ్డలో ఒకే సీసాలో, రెండో రోజు దాటాక మొలిస్తే అది చర్మం నుంచి వచ్చిన కల్తీ. ఇలాంటి కల్తీకే వాంకోమైసిన్ రెండు వారాలు ఎక్కించిన సందర్భాలు తక్కువేమీ కావు.

ఆపడానికి కావలసిన ధైర్యం

యంత్రంలో పెట్టిన సీసాల్లో నిజమైన క్రిములు చాలావరకు 36 నుంచి 48 గంటల లోపే బయటపడతాయి. క్లెబ్సియెల్లా వంటివి తరచు 24 గంటలు కూడా ఆగవు. అంటే సరైన నెత్తురు పడిన సీసా 48 గంటలకు ఖాళీగా ఉంటే, బిడ్డ కుదురుగా ఉంటే, మందు ఆపేయొచ్చు. ఈ వాక్యం ఒప్పుకోని డాక్టరు ఉండరు. అమలు చేసే వార్డులే తక్కువ.

ఎందుకంటే మొదలుపెట్టడానికి ఒకరు చాలు, ఆపడానికి బాధ్యత తీసుకునేవారు కావాలి. ఆదివారం రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ ఆపడు. సోమవారం రౌండ్స్‌లో ‘సీఆర్పీ ఎంత?’ అన్న ప్రశ్న వస్తుంది. అది 14 ఉంటే, ఇంకో మూడు రోజులు నడుస్తుంది. సీఆర్పీ గురించి ఇక్కడ కాస్త చెప్పాలి. ఒంట్లో వాపు ఉంటే నెత్తురులో పెరిగే ప్రొటీన్ అది. అది ఇన్ఫెక్షన్ మొదలైన 10, 12 గంటలకు గాని పెరగదు. కాబట్టి తొలి గంటలో తీసిన సీఆర్పీ మామూలుగా ఉంటే అర్థమేమీ లేదు. కష్టకాన్పు, పుట్టగానే ఊపిరాడకపోవడం, ఉమ్మనీటిలో మలం పోయి ఊపిరితిత్తుల్లో చేరడం, ఆపరేషన్ ఇవన్నీ దాన్ని పెంచుతాయి. దాని అసలు ఉపయోగం తిరగేసి చూడటంలో ఉంది. 24 గంటల ఎడంతో రెండుసార్లు 10 లోపు వస్తే బ్యాక్టీరియా సెప్సిస్ ఉండే అవకాశం బాగా తక్కువ. మందు ఆపడానికి వాడాల్సిన పరీక్షను మందు పొడిగించడానికి వాడుతున్నాం. ప్రోకాల్సిటోనిన్‌కు (ఇలాంటిదే మరో నెత్తురు పరీక్ష) ఇంకో చిక్కు ఉంది. పుట్టిన మొదటి ఒకటి రెండు రోజులు ఆరోగ్యంగా ఉన్న బిడ్డలో కూడా సహజంగానే పెరుగుతుంది.

మందు ఊరికే నడిస్తే నష్టమేమిటి అనే వాదన ఒకటుంది. వెయ్యి గ్రాముల లోపు బరువున్న పిల్లలకు కల్చర్ నెగెటివ్‌గా ఉన్నా తొలి యాంటీబయాటిక్‌ను ఐదు రోజులు, ఆ పైన నడిపితే పేగు కుళ్లే జబ్బు లేదా మరణం ముప్పు పెరగడాన్ని అమెరికా అధ్యయనం ఒకటి 2009లో చూపింది. సెఫోటాక్సిమ్ వంటి మూడో తరం మందుల తరవాత కాండిడా ఫంగస్ వస్తుంది. పేగులో మంచి బ్యాక్టీరియా చోటు ఖాళీ చేస్తే ఆ చోటులో పెరిగేది వార్డులో తిరిగే మొండి క్లెబ్సియెల్లానే. నేడు పేగులో, వచ్చే వారం నెత్తురులో.

కల్చర్ పాజిటివ్ అయితే లెక్క మారుతుంది. నెత్తురుకే పరిమితమైన ఇన్ఫెక్షన్‌కు మామూలుగా 7 నుంచి 14 రోజులు, క్లెబ్సియెల్లా వంటి గ్రామ్ నెగెటివ్ క్రిములతో మెదడు పొరలకు సోకితే కనీసం 21 రోజులు. ఈ తేడా తేల్చడానికి వెన్నునీరు తీయాలి. ‘బిడ్డ తట్టుకోలేడు’ అని వాయిదా వేసి, కుదుటపడ్డాక మరిచిపోవడం తరచు జరిగే పొరపాటు. అలా మరిచిపోయిన బిడ్డ పది రోజుల మందుతో ఇంటికి వెళ్లి, నెల తిరక్కుండా తల పెద్దదై వస్తాడు.

ఘాట్ రోడ్డు దిగి వచ్చే బిడ్డ

ఉత్తరాంధ్రకు పెద్దాసుపత్రి అంటే 1923లో మొదలైన కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి). శ్రీకాకుళం, విజయనగరం, అల్లూరి సీతారామరాజు జిల్లాల నుంచి, సరిహద్దు అవతల ఒడిశా కోరాపుట్, మల్కన్‌గిరి వైపు నుంచి కూడా బిడ్డలు ఈ ఊరికే వస్తారు. పాడేరు నుంచి ఘాట్ దిగి వచ్చే అంబులెన్సుకు వంద కిలోమీటర్లు దాటిన దారి. ఇలా బయట పుట్టి వచ్చే బిడ్డ సమస్య వేరు. దారిలో చల్లబడతాడు. పంపిన చోట ఒక డోసు ఇంజెక్షన్ పడి ఉంటుంది. ఏది, ఎంత, ఎన్నింటికి అన్నది రిఫరల్ చీటీలో ఉండదు. ‘యాంటీబయాటిక్ ఇచ్చాము’ అని మాత్రం ఉంటుంది. ఇక్కడ తీసిన కల్చర్ ఖాళీగా వస్తుంది. నిజంగా క్రిమి లేకనా, ఆ ఒక్క డోసు వల్లనా? తెలియదు కాబట్టి పది రోజులు నడుస్తుంది.

దీనికి ఖరీదైన పరిష్కారం అక్కర్లేదు. కల్చర్ సీసా ఉన్న జిల్లా యూనిట్ అయితే తొలి డోసుకు ముందే నెత్తురు తీసి, సీసాను బిడ్డతో పాటు మామూలు గది వేడిలో పంపొచ్చు. సీసా లేని చోట చీటీ మీద నాలుగు ముక్కలు రాస్తే చాలు: మందు పేరు, మిల్లీగ్రాములు, ఇచ్చిన టైము, బిడ్డ బరువు. అంతకంటే ముఖ్యం, జబ్బుగా ఉన్న బిడ్డకు కల్చర్ కోసం మందు ఆపి కూర్చోకూడదు. బిడ్డ పాలు తాగడం మానేస్తే, ఒళ్లు చల్లబడితే, ఊపిరి మధ్యలో ఆగితే, ఛాతీ మీద నొక్కి వదిలాక రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లు దాటితే, పొట్ట ఉబ్బితే తొలి గంట విలువైనది. పసికందులకు జ్వరం కంటే చల్లబడటమే ఎక్కువ భయపెట్టాలి.

ఇంటి దగ్గర బొడ్డుకు పసుపు, ఆముదం రాయడం, పుట్టగానే తేనె నాకించడం, ఆర్ఎంపీ దగ్గర ‘జలుబు సూది’ వేయించడం ఇంకా పూర్తిగా పోలేదు. బొడ్డును పొడిగా వదిలేయడం, మొదటి గంటలో ముర్రుపాలు పట్టడం వీటన్నింటికంటే బలమైన మందు.

సెలైన్ సీసా, సింకు, గాజులు

క్రిమి నడిచే దారుల్లో అందరికీ తెలిసినవి చేతులు. అంతగా కంటపడనిది సెలైన్ సీసా. 500 మి.లీ. డెక్స్‌ట్రోజ్ సీసా ఒకటి తెరిచి, మూతకు సూది గుచ్చి ఉంచి, అందులోంచే ఆరుగురు బిడ్డలకు సిరంజిల్లోకి లాగడం ఖర్చు తగ్గించే పద్ధతిలా కనిపిస్తుంది. క్లెబ్సియెల్లా, ఎంటెరోబాక్టర్ జాతులు చక్కెర నీళ్లలో గది వేడికే పెరుగుతాయి. పొద్దున పడిన కొద్దిపాటి క్రిములు మరుసటి రోజుకి మి.లీ.కు లక్షకు చేరొచ్చు. అప్పటికీ సీసా కంటికి తేటగానే కనిపిస్తుంది. ఒకేసారి నలుగురైదుగురు బిడ్డలు ఒకే క్రిమితో పడిపోయారంటే మొదట అనుమానించాల్సింది ఈ సీసానే. ఒక బిడ్డకు ఒక సీసా, 24 గంటలకు పారవేత. హెపారిన్ ఫ్లష్, పొటాషియం, కాల్షియం ఏదైనా ఇదే నియమం.

మందు సీసాలదీ ఇదే కథ. మెరోపెనెమ్ వయల్ ఒక గ్రాముది. 1.2 కిలోల బిడ్డకు ఒక డోసు 24 మి.గ్రా. ఉంటుంది. మిగిలినదాన్ని పారబోయడానికి ఎవరికీ మనసొప్పదు. పంచుకోవాలంటే దాన్ని ఫార్మసీలో లామినార్ ఫ్లో (వడకట్టిన గాలి వీచే బల్ల) కింద, ముందే ఒక్కొక్క డోసుగా సిరంజిల్లో నింపించాలి. వార్డు బల్ల మీద పదిసార్లు గుచ్చడం పంచుకోవడం కిందికి రాదు.

డోసు తప్పులు కూడా ఇక్కడే పుడతాయి. పెద్దల జెంటామైసిన్ ఆంప్యూల్‌లో 2 మి.లీ.కు 80 మి.గ్రా. ఉంటుంది. అదే 1.2 కిలోల బిడ్డకు కిలోకు 5 చొప్పున 6 మి.గ్రా. అంటే 0.15 మి.లీ. ఇంత చిన్న కొలత సిరంజిలో గీతల మధ్య పోతుంది. దాన్ని లాగిన సిరంజిలోనే నీళ్లు కలిపి పలచన చేస్తే, సూది మొదట్లో దాగిన మందు కూడా కలిసి డోసు పెరుగుతుంది. పిల్లల వయల్ (మి.లీ.కు 10 మి.గ్రా.) ఆర్డరు పెట్టడం అన్నిటికంటే తేలిక. అది దొరకని రోజు 1 మి.లీ. మందును వేరే సిరంజిలోకి పోసి 10 మి.లీ.కి పెంచితే మి.లీ.కు 4 మి.గ్రా. అవుతుంది, బిడ్డకు 1.5 మి.లీ. ఈ లెక్క గోడ మీద రాసి ఉండాలి. నెలలు నిండని పిల్లలకు రెండు డోసుల మధ్య 36, 48 గంటల ఎడం కూడా అవసరమవుతుంది. మూత్రపిండాలు ఇంకా పచ్చివే కాబట్టి మందు ఆలస్యంగా పోతుంది.

సింకు చేతులు కడగడానికే. పాలు, మిగిలిన సెలైన్, మందులు అందులో పారబోస్తే కింది గొట్టంలోని క్రిములకు విందు. పంపు ధార నేరుగా జాలీ మీద పడితే ఆ క్రిములు మీటరు దాకా చిందుతాయి. కాబట్టి మందులు కలిపే బల్ల సింకు పక్కన ఉండకూడదు. కొన్ని చోట్ల స్థలం లేక అక్కడే ఉంటుంది. కనీసం మధ్యలో ఒక అడ్డుపలక నిలబెట్టొచ్చు. హ్యూమిడిఫయర్‌లో స్టెరైల్ నీళ్లే పోయాలి, పాత నీటిలో కొత్తవి కలపకుండా రోజూ మార్చాలి.

చేతుల విషయంలో నినాదాలు ఇక ఆపొచ్చు. వార్మర్ పక్కనే, చేయి చాపితే అందే దూరంలో శానిటైజర్ సీసా ఉందా, దానిలో మందు ఉందా అన్నదే ప్రశ్న. రెండు చేతులూ తడిసేంత తీసుకుని 20, 30 సెకన్లు రుద్దాలి. వాచీ, ఉంగరం, ఎర్ర దారం, గాజుల కింద శానిటైజర్ చేరదు. నర్సులకు, డాక్టర్లకు మోచేతుల కింద ఏమీ ఉండకూడదని చెప్పడం తేలిక. బాలింత గాజులు తీయమనడం తేలిక కాదు. అత్తగారు ఒప్పుకోరు, అశుభమంటారు. మోచేతి పైకి నెట్టి గుడ్డతో కట్టుకోమంటే ఒప్పుకుంటారు. తల్లిని బయట నిలబెట్టడం కంటే అది లక్ష రెట్లు నయం.

ఎందుకంటే తల్లి రాకతో ఇన్ఫెక్షన్ పెరుగుతుందన్న పాత భయం తలకిందులైంది. భారత్‌తో సహా ఐదు దేశాల్లో 1 నుంచి 1.8 కిలోల మధ్య పిల్లలను పుట్టిన వెంటనే తల్లి ఛాతీకి ఆనించి కంగారూ పద్ధతిలో ఉంచిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. నెల లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. సెప్సిస్ అనుమానాలూ తగ్గాయి. బిడ్డ ఒంటి మీద ముందుగా తల్లి చర్మపు మామూలు బ్యాక్టీరియా స్థిరపడితే వార్డు క్రిమికి చోటు దొరకదన్నది దీనికి ఒక వివరణ. పిండిన తల్లిపాలు, మరిగించిన ఉగ్గుగిన్నె ఇందులో భాగమే. పక్క రాష్ట్రం ఒడిశా పల్లెల్లో 4,556 మంది బిడ్డలతో జరిపి 2017లో ప్రచురించిన పరిశోధనలో లాక్టోబాసిల్లస్ ప్లాంటారం, దానికి ఆహారమయ్యే చక్కెర కలిపి ఇస్తే సెప్సిస్, మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. ఆశ కలిగించే మాటే. కాకపోతే వాళ్లు రెండు కిలోలు దాటిన, ఇంటి దగ్గరున్న పిల్లలు. ఆ ఫలితం చూసి దుకాణంలో దొరికే ఏదో ప్రోబయోటిక్ పొడిని ఎన్ఐసీయూలోని 900 గ్రాముల బిడ్డకు కలపడం పొరపాటు. ఆ బ్యాక్టీరియానే నెత్తురులోకి దిగిన ఘటనలున్నాయి.

లైన్ల లెక్క కొరవడిన యూనిట్ కళ్లకు గంతలు కట్టుకున్నట్టే. రోజూ ఒకే సమయానికి సెంట్రల్ లైన్, బొడ్డు కాథెటర్ ఉన్న పిల్లలెందరో లెక్కపెట్టి రాసుకోవాలి. నెలకు అవి 150 లైన్ రోజులు, లైన్ ఇన్ఫెక్షన్లు 3 అయితే వెయ్యి లైన్ రోజులకు 20. ఆ అంకె తగ్గించడానికి రోజూ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ లైన్ ఇవాళ ఇంకా కావాలా? పాలు బాగా పడుతున్న బిడ్డకు ‘ఎందుకైనా మంచిది’ అని ఉంచిన లైనే తరచు ముంచుతుంది. బొడ్డు సిర కాథెటర్‌ను వారం దాటనివ్వకపోవడం మంచిది. లైన్ బయటి చివర (హబ్) తెరిచే ప్రతిసారీ ఆల్కహాల్ స్వాబ్‌తో 15 సెకన్లు రుద్ది ఆరనివ్వాలి. ముగ్గురు బిడ్డలకు ఒక నర్సు ఉంటే ఈ 15 సెకన్లు దొరుకుతాయి. ఎనిమిది మందికి ఒక్కరుంటే దొరకవు. ఒకే వార్మర్ మీద ఇద్దరు బిడ్డలు పడుకున్న రాత్రి ఏ పోస్టరూ పనిచేయదు. సిబ్బంది కొరతను చేతుల శుభ్రత శిక్షణతో పూడ్చలేం.

ఏ మందు, ఎవరి లెక్క ప్రకారం

తొలి మందు ఏదన్నది ఆ యూనిట్ సొంత యాంటీబయోగ్రామ్ (ఏ క్రిమి ఏ మందుకు నూటికి ఎంత లొంగుతోందో చూపే పట్టిక) చెప్పాలి. ఒక క్రిమికి కనీసం 30 నమూనాలు పోగైతే గాని శాతాలకు అర్థం ఉండదు. ఒక్కో బిడ్డ నుంచి మొదటి నమూనానే లెక్కలోకి తీసుకోవాలి, లేకపోతే పదిసార్లు కల్చర్ పంపిన ఒకే బిడ్డ అంకెలను వంకర చేస్తాడు. చిన్న యూనిట్లు రెండేళ్లవి కలపొచ్చు. ఆ ఆసుపత్రిలోనే పుట్టిన బిడ్డలను, బయట నుంచి వచ్చినవారిని విడిగా చూడాలి. ఆసుపత్రి మొత్తం లెక్కలో పెద్దల మూత్ర నమూనాలు కలిసి ఉంటాయి, అది పసికందుకు పనికిరాదు.

ఆ లెక్క ప్రకారం క్లెబ్సియెల్లా అమికాసిన్‌కు ఇంకా లొంగుతుంటే దాన్ని కాపాడుకోవాలి. మెరోపెనెమ్‌ను తొలి మందుగా చేసిన వార్డులో త్వరలోనే చివరి అస్త్రమైన కొలిస్టిన్ అవసరం పడొచ్చు. కొలిస్టిన్ మెదడు పొరల్లోకి సరిగా చేరదు. దానికి లొంగుతుందో లేదో ల్యాబ్‌లో మందు బిళ్లలు పెట్టి చూసే పద్ధతిలో తేలదు, బ్రాత్ మైక్రోడైల్యూషన్ (మందును ద్రవంలో పలచన చేస్తూ చూసే పద్ధతి) చేయాలి. సెర్రేషియా, ప్రోటియస్, బర్ఖోల్డేరియా దానికి పుట్టుకతోనే లొంగవు. పేరున్న సెఫ్టాజిడిమ్-అవిబాక్టామ్ ఎన్‌డీఎం ముందు ఒంటరిగా నిలవదు, అజ్‌ట్రియోనామ్ తోడు కావాలి. నెలలు నిండని పిల్లల్లో ఈ మందుల మోతాదుల సమాచారమే తక్కువ. 11 దేశాల్లో 3,204 మంది శిశువులను గమనించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో రెండు వందలకు పైగా మందుల జతలు వాడుకలో కనిపించాయి. ఎవరికి తోచింది వారు వాడుతున్నారనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఫాస్ఫోమైసిన్, ఫ్లోమోక్సెఫ్ వంటి పాత మందులను అమికాసిన్‌తో జతకట్టి చూసే పరీక్షలు ఆఫ్రికాలో మొదలయ్యాయి.

బయట కట్టడి కూడా కొంత జరిగింది. 2014 మార్చి నుంచి మందుల నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 కింద మూడో తరం సెఫలోస్పోరిన్లను, కార్బపెనెమ్‌లను చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినవాటికి రిజిస్టరు ఉండాలి. కోళ్ల దాణాలో, చేపలు, రొయ్యల మేతలో కొలిస్టిన్‌ను 2019లో నిషేధించారు. కోళ్ల షెడ్లూ రొయ్యల చెరువులూ నిండిన కోస్తాలో ఇది చిన్న సంగతి కాదు.

ఒకే వారంలో ఇద్దరు బిడ్డల్లో ఒకే క్రిమి, ఒకే రకం సెన్సిటివిటీతో (ఏ మందులకు లొంగుతుందన్న ఫలితంతో) దొరికితే మూడోది వచ్చే వరకు ఆగకూడదు. ఆ ఇద్దరినీ ఒక మూలకు చేర్చి, వారికి వేరే నర్సును, వేరే స్టెతస్కోపును పెట్టాలి. తెరిచి ఉన్న ద్రవాలన్నీ పారబోయాలి. గత వారంలో ఆ ఇద్దరికీ ఉమ్మడిగా తగిలినవి రాసుకోవాలి: అదే వెంటిలేటరా, అదే సక్షనా, అదే అల్ట్రాసౌండ్ జెల్లీయా. ఆ తరవాతే స్వాబ్‌లు. గోడలు, గాలి, నేల అన్నిటికీ స్వాబ్‌లు పంపితే ల్యాబ్ నిండుతుంది, దారి దొరకదు. ఫ్యూమిగేషన్ పొగ పెట్టి పని అయిపోయిందనుకోవడం ఇంకా ఉంది. సింకు గొట్టంలోని క్రిమికి ఆ పొగ తగలదు.

ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితంలో ‘సెప్సిస్, ట్రీటెడ్’ అని ఊరుకోవడం సరిపోదు. క్రిమి పేరు, ఏ మందుకు లొంగింది, ఏది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వాడారు, వెన్నునీరు తీశారా లేదా, జెంటామైసిన్ గాని అమికాసిన్ గాని పడ్డ బిడ్డ అయితే వినికిడి పరీక్ష ఏ తేదీకి రావాలి అన్నవి తెలుగులో కూడా రాసివ్వాలి. మళ్లీ జబ్బు చేస్తే ఆ బిడ్డను ముందుగా చూసేది పాడేరు దగ్గర పీహెచ్‌సీలోని డాక్టరో, ఏఎన్ఎమ్మో. వాళ్ల చేతిలో ఉండేది ఆ ఒక్క కాగితమే.